కారు దిగని ప్రేమ

తెలుగు కాలేజీ నవలలో ప్రేమకు ఒక కారుంటది. కారుకు ఒక హీరో ఉంటడు. హీరోకు ఒక బంగళా, బంగళాకు ఒక గేటు, గేటుకు ఒక గూర్ఖా. అమ్మాయికి రెండు నేత చీరలు, ఒక గొడుగు, తలకు మించిన ఆత్మాభిమానం. వాన పడ్తది. బస్సు రాదు. కారొచ్చి ఆగుతది. ఎక్కనంటది. ఇంకో రెండువందల పేజీలు తిరిగేసరికి ఎక్కుతది. శుభం. దీన్నే అరవై ఏండ్ల సంది మనకు 'అంతస్తులు దాటిన ప్రేమ' అని అమ్ముతున్నరు.

దాటింది ఎవరు? అమ్మాయి కారెక్కింది. కారులో ఉన్నోడు దిగలేదు. ఆమెతోని పాటు బస్టాపుల నిలబడ్డ నలుగురూ అక్కడనే తడుస్తున్నరు. ఇది గోడ కూలగొట్టుడు కాదు. గోడకు చిన్న దర్వాజ పెట్టి, ఒక్క మనిషిని లోపలికి తీసుకొని, మళ్ళ గొళ్ళెం పెట్టుడు.

"ప్రేమ నవలల మీద పంచాది ఎందుకయ్యా, నీళ్ళ మీద మాట్లాడుండ్రి, కొలువుల మీద మాట్లాడుండ్రి" అనే పెద్దమనుషులు ఉద్యమం నడిచినన్నాళ్ళూ ఉన్నరు, ఇప్పుడూ ఉన్నరు. వాళ్ళకు ఒకటే జవాబు. నీళ్ళు పోయిన సంగతి బోరు ఎండితే ఎరుకైతది. కొలువు పోయిన సంగతి లిస్టు చూస్తే ఎరుకైతది. మన మాట మీద మనకే సిగ్గు పుట్టిన సంగతి మాత్రం ఎరుక కాదు. అది నవ్వులో కలిసి వస్తది, సిన్మాలో కలిసి వస్తది, రాత్రి దిండు కింద పెట్టుకున్న నవలలో కలిసి వస్తది. పద్దెనిమిది, ఇరవై ఏండ్ల వయసులో మనిషి చదివే కథే ఆ మనిషికి తన విలువ ఎంతో చెప్తది. ఆ కథ ఎవరు రాసిండ్రు, ఎవరి కోసం రాసిండ్రు అని అడుగుడు మన హక్కు.

రాజశేఖరం వారసులు

ఈ ఒరవడికి పెద్ద బాట వేసిన నవల యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'. అది 1960లలో వచ్చింది. 1976లో నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సిన్మా అయింది. అందులో గరీబు మధ్యతరగతి పిల్ల జయంతి, ఐశ్వర్యవంతుడు రాజశేఖరం. న్యాయంగా మాట్లాడుకుందాం. ఆ నవల ఆడపిల్లలను చదువరులను చేసింది. ఇల్లు దాటి ఉద్యోగానికి పోయే ఆడమనిషిని కథకు నడుమ నిలబెట్టింది. డబ్బున్నోడి ముందు తల దించని పిల్లను చూపెట్టింది. 2018లో ఆ రచయిత్రి కన్నుమూసిన రోజు తెలంగాణ ఇండ్లల్ల కూడా ఎందరో తల్లులు తమ చిన్నతనాన్ని తలుచుకొని ఉంటరు. ఆ తల్లుల మీద మనకు కోపం లేదు. ఆ పుస్తకం మీద కూడా లేదు.

మన కోపం ఆ తర్వాత నడిచిన కార్ఖానా మీద. రాజశేఖరం ఒక్కడే, వారసులు వేలమంది. ఆఫీసు నవలను అచ్చుదిమ్మ చేసి కాలేజీ నవలలు పోతపోసిండ్రు. సెక్రటరీ స్థానంలో డిగ్రీ చదివే పిల్ల, బాసు స్థానంలో పారిశ్రామికవేత్త కొడుకు. కార్ఖానా ఎక్కువగా బెజవాడలో, సరుకు అమ్ముడుపోయేది ఆదిలాబాద్ దాకా. ప్రతి తాలూకా కేంద్రంలో ఒక అద్దె పుస్తకాల షాపు, వారం వారం నాలుగు సీరియళ్ళు. కరీంనగర్‌లో ఇంటర్ చదివే పిల్ల, నల్లగొండలో డిగ్రీ చదివే పిలగాడు ఆ సీరియళ్ళ మీదనే ప్రేమ అంటే ఏందో నేర్చుకున్నరు.

ఆ నవలలో కాలేజీ ఉంటది గాని చదువు ఉండదు. క్యాంటీన్ ఉంటది గాని మెస్ బిల్లు ఉండదు. విహారయాత్ర ఉంటది గాని దానికి పైసలు కట్టలేక జరం వచ్చిందని అబద్ధం చెప్పి గదిలో పండుకున్న పిలగాడు ఉండడు. పరీక్ష ఫీజు ఆఖరి తారీఖు ఎప్పుడూ రాదు. హీరోయిన్ పేదది అని రచయిత చెప్తడు, మనం నమ్మాలె. ఆమె పేదరికం చీరకు ఒక చిరుగు, తండ్రికి ఒక దగ్గు. అంతకు మించి లెక్క ఉండదు.

అమెరికాల కన్నీళ్ళు కార్పించి అమ్ముకున్న నవల ఒకటున్నది. ఎరిక్ సీగల్ 'లవ్ స్టోరీ', 1970ల వచ్చింది. హార్వర్డ్‌ల చదివే సంపన్నుల పిలగాడు, రొట్టెలు, కేకులు చేసి అమ్ముకునేటాయన బిడ్డ. అది కూడా మార్కెట్ సరుకే, చివరికి పిల్లను రోగంతో చంపి ఏడిపించే కథే. అయినా తండ్రి పైసలు బంద్ చేసినంక ఆ ఇద్దరు కిరాయి ఎట్ల కట్టాలె, లా కాలేజీ ఫీజు ఎట్ల కట్టాలె అని లెక్కలు వేస్తరు. పిల్ల టీచరు కొలువు చేసి మొగణ్ణి చదివిస్తది. డబ్బున్నోళ్ళ దేశంలో, డబ్బున్నోళ్ళ యూనివర్సిటీ మీద రాసిన చౌకబారు నవలకే ఆ లెక్క అవసరమైంది. మన నవలకు కాలేదు. ఎందుకంటే మన నవల రాసేటాయనకు ఆ లెక్క ఎన్నడూ పడలేదు.

గరీబుతనం ఉన్నది, మా మాట లేదు

ఇంకో ముచ్చట గమనించుండ్రి. ఈ నవలల్ల అమ్మాయి గరీబుదే, అబ్బాయి కోటీశ్వరుడే. కాని ఇద్దరూ ఒక్క తీరుగనే మాట్లాడుతరు. నడుమ బంగళా అంత దూరం ఉన్నది, భాషలో ఈనె అంత తేడా లేదు. అదెట్ల సాధ్యం? ఏ దేశంలో అయినా ఉన్నోడి మాట వేరు, లేనోడి మాట వేరు. మన నవలలో ఒక్కటే అయింది ఎందుకంటే, గరీబు పిల్ల పాత్ర కూడా ఆ రెండున్నర జిల్లాల ఇంటి పిల్లే. వాళ్ళ ఇంట్లనే ఉన్న ఇద్దరు చుట్టాలను, ఒకరు జరంత ఉన్నోళ్ళు ఒకరు జరంత లేనోళ్ళు, కలిపి దానికి వర్గభేదం అని పేరు పెట్టిండ్రు.

మరి వేరే మాట మాట్లాడే మనిషి ఎక్కడున్నడు? ఉన్నడు. గేటు కాడ ఉన్నడు. రిక్షా తొక్కుతున్నడు. ఇల్లు ఊడ్చే యాదమ్మ అయింది. ప్రేమికుల నడుమ చీటి మోసే నౌకరు అయిండు. సిన్మాకు వచ్చేసరికి రౌడీ అయిండు. కాలేజీ అధ్యాపకురాలి కథతో 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో మంచి చెప్పేటోళ్ళంతా అచ్చు భాషలో చెప్తరు. దుర్మార్గపు రాజకీయ నాయకుడి పాత్రలో కోట శ్రీనివాసరావు తెలంగాణ మాట మాట్లాడుతడు. ఆయన గొప్ప నటుడు, పాత్ర పండింది. ఆ పండుడే మన కొంప ముంచింది. మా అమ్మ మాట హాల్లో వినబడంగనే జనం దుర్మార్గుడు వచ్చిండని గుర్తుపట్టుడు నేర్చుకున్నరు.

2001 ఏప్రిల్‌లో టీఆర్‌ఎస్ పుట్టింది. అదే ఏడు ఆగస్టులో 'నువ్వు నేను' అనే కాలేజీ ప్రేమ సిన్మా వచ్చి రాష్ట్రమంతా ఊపేసింది. కోటీశ్వరుని కొడుకు, పాలు అమ్ముకునే ఇంటి బిడ్డ. అచ్చంగా మనం మాట్లాడుకుంటున్న కథ. అందులో తెలంగాణ మాట ఉన్నది, తెలంగాణ శకుంతల నోట. గద్దించడానికి, నవ్వించడానికి ఉన్నది. ప్రేమించే పిల్ల నోట లేదు. అంటే తిట్టుకు మా భాష పనికొస్తది, ప్రేమకు పనికిరాదు. ఈ తీర్పు ఏ కోర్టూ చెప్పలేదు. నవల చెప్పింది, సిన్మా చెప్పింది, మనం టికెట్ కొని విన్నం.

దీని నష్టం ఎక్కడ పడ్డదో తెలుసా? ప్రేమ ఉత్తరం మీద పడ్డది. ఒక తరం తెలంగాణ పిలగాండ్లు మనసుల ఉన్న మాట రాయాలంటే సీరియల్ తీసి ముందట పెట్టుకున్నరు. 'నిన్ను సూడకపోతే పానం కొట్టుకుంటది' అని రాసే ధైర్యం లేక 'ప్రియతమా, నీవు లేని నా జీవితం' అని కిరాయి మాటలు రాసిండ్రు. ఆ మాటలు ఆ పిల్లకూ పరాయివే, ఈ పిలగానికీ పరాయివే. తరగతి గదిలో 'ఉన్నది' అంటే నవ్విండ్రు, 'ఉంది' అనాలన్నరు. ఆ నవ్వులకు భయపడి మూడేండ్లు ఒక్క మాటా మాట్లాడకుండ డిగ్రీ పూర్తి చేసిన వాళ్ళు ఈ పత్రిక చదివేటోళ్ళల్ల ఎంతమంది లేరు! మనసు చెప్పుకోలేకపోయిండ్రు అంటే పిరికితనం కాదు. నోరు మూయించిండ్రు.

ప్రేమ చెప్పే మాట మనకు లేకనా? బతుకమ్మ పాటల నిండ ఉన్నది. నాట్లేసే కూలి పాటల నిండ ఉన్నది. పట్నంలో ఉర్దూ నిండ ఉన్నది. మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కాలేజీలో ఉర్దూ పాఠం చెప్పిండు, కమ్యూనిస్టు అయిండు, కార్మికుల సంఘాలు కట్టిండు, అజ్ఞాతంలోకి పోయిండు, ప్రేమ మీద కూడ కవిత్వం రాసిండు. ప్రేమ, వర్గం రెండూ ఒక్క మనిషి గొంతులో పలికిన ఊరు ఇది. ఆ ఊరిని ట్యాంక్‌బండ్, ఐస్‌క్రీం పార్లరు చేసి నవలలో పెట్టుకున్నరు.

అంపశయ్య మీద పండిన పిలగాడు

"మీరు రాయకపోతే మేమేం చేస్తం" అనేది పాత మాట. అబద్ధపు మాట. శంషాబాద్‌ల పుట్టిన మాదిరెడ్డి సులోచన పదుల కొద్ది నవలలు రాసిండ్రు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో గడీ దొర బిడ్డ మంజరి, పాట నేర్ప వచ్చిన పాణి. అది కూడా అంతస్తులు దాటిన ప్రేమే. కాని ఆ ప్రేమ పక్కనే, అదే గడీలో, ఆడబాప వనజ ఉంటది. దొర బిడ్డ ప్రేమించొచ్చు, ఏడ్వొచ్చు, తెగించొచ్చు. ఆడబాపకు ఆ ఏడ్పు కూడా సొంతం కాదు. ఒకే కప్పు కింద ఇద్దరు ఆడపిల్లలను నిలబెట్టి చూపితే వర్గం అంటే ఏందో చెప్పే పనే లేదు. కారు నవలలు వంద చదివినా ఇది దొరకదు.

ఇక కాలేజీ నవలే కావాలంటే, అది మనకు 1969లోనే వచ్చింది. నవీన్ రాసిన 'అంపశయ్య'. ఉస్మానియా క్యాంపస్, హాస్టల్ గది, రవి అనే పల్లెటూరి విద్యార్థి, వాని ఒక్క దినం. పొద్దున లేచిన కాన్నుంచి రాత్రి దాకా వాని తలకాయలో తిరిగే మాట తిరిగినట్టు రాసిండు. ఇంట్ల గరీబుతనం, పైసల రంది, ఆడపిల్లల మీద కోరిక, ఆ కోరిక మీద సిగ్గు, తోటి పిలగాండ్ల ముందట చిన్నతనం. అన్నీ ఒక్క మంచం మీదనే. పేరే చెప్తున్నది గదా, బాణాల మంచం. గరీబు పిలగానికి కాలేజీలో ప్రేమ పూలపాన్పు కాదు. మనసు పడ్డ ప్రతిసారి ఒక బాణం దిగుతది. ముందు జేబు గుర్తొస్తది, తర్వాత అంగి గుర్తొస్తది, ఆ తర్వాత ఊర్లె నాయిన గుర్తొస్తడు.

ఆ నవలకూ ఒక హద్దున్నది. అంతా రవి తలకాయలోంచే చూస్తం కాబట్టి ఆడపిల్ల మనసు అందులో వినబడదు. హాస్టల్ పిల్ల రాసిన అంపశయ్య ఇంకా రావాలె. అయినా లెక్క చూడుండ్రి. ఆ నవల అచ్చయిన ఏడే ఉస్మానియా పిలగాండ్లు ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డు మీదికి వచ్చిండ్రు. 369 మంది ప్రాణాలు పోయినయని ఉద్యమం లెక్క చెప్తది. మంచం మీద ఒంటరిగా పొర్లిన రవి తరమే గదా రోడ్డు మీద కలిసి నిలబడ్డది! కారు నవల చదివి ఎవడూ బందూకు ముందట నిలబడలేదు.

ఈ కథలో విలన్ నోటిఫికేషన్

కారు నవలలో విలన్ ఎవడు? హీరో తల్లి, లేకపోతే సవతి చెల్లె, లేకపోతే అపార్థం. తెలంగాణ కాలేజీ ప్రేమకు అపార్థాలతోని పనిలేదు. దాని విలన్ కొలువు.

ఉద్యోగులకు ఈ ముచ్చట నేను చెప్పాల్నా? 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. నాన్‌లోకల్ వాళ్ళను 1986 మార్చి 31 లోపల వాపస్ పంపాలన్నరు. మార్చి వచ్చింది, పోయింది. ఆ తర్వాత పదిహేనేండ్లకు గిర్‌గ్లానీ కమిషన్ వేసి ఉల్లంఘనలు లెక్కపెట్టవలసి వచ్చింది. ఆ లెక్కను మనం పోస్టుల్లో చెప్పుకున్నం. పెండ్లిళ్ళలో చెప్పుకోలేదు. ఒక పోస్టు పోతే ఒక పిలగాని జీతం ఒక్కటే పోలేదు. 'ఉద్యోగం వచ్చినంక మీ నాయినను అడుగుత' అన్న మాట కూడా పోయింది. ఆ మాట మీద నాలుగేండ్లు ఆగిన పిల్ల పోయింది. 610 జీవో ఫైలు తెరిస్తే లోపల ఎన్ని ప్రేమ కథలు మురిగి ఉన్నయో ఏ నవలాకారుడూ చూడలేదు.

రాష్ట్రం వచ్చినంక మారిందా? 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అంతకు ముందు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2011లో. సొంత రాష్ట్రంలో మొదటి గ్రూప్-1, 503 పోస్టులతో, 2022 ఏప్రిల్‌లో. అక్టోబర్‌లో పరీక్ష పెట్టిండ్రు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేసిండ్రు. జూన్‌లో మళ్ళ పెట్టిండ్రు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్‌నే పక్కన పడేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చిండ్రు. 2011లో ఇరవై రెండేండ్ల పిలగానికి 2024 వరకు ముప్పై అయిదు. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద, అశోక్‌నగర్ కోచింగ్ గల్లీల్లో ఆ పదమూడేండ్లు ఎవరెవరు ఎవరెవరి కోసం ఆగిండ్రు? ఎవరి పెండ్లి పత్రిక ఎవరి గదికి వచ్చింది? ఒక బోర్డర్ మంచం పక్కన కింద చాప వేసుకొని పండుకునే నాన్‌బోర్డర్, పొద్దున మెస్‌లో ఎవరూ చూడకముందే తిని పోయే నాన్‌బోర్డర్, ఏ పిల్లను తీసుకపోయి ఏ కాఫీ తాగిస్తడు?

అంతస్తుల నడుమ ప్రేమ అంటే ఇది. దీన్ని రాయుండ్రి. ఇందులో మలుపులు లేవని ఎవరన్నా అంటే ఆ అధికారుల ఫైళ్ళు చూపెట్టుండ్రి, సస్పెన్స్ నవల కన్న ఎక్కువున్నయి.

తరగతి అని రాసి, కులాన్ని దాచి

ఈ నవలల పెద్ద మోసం ఇంకొకటున్నది. పేద, ధనిక అని పెద్ద అక్షరాల్లో రాస్తరు. కులం పేరు ఎక్కడా రాయరు. చివరికి పెద్దలు కరుగుతరు, ఆశీర్వదిస్తరు, అక్షింతలు పడ్తయి. ఎట్ల పడ్డయి? ఇద్దరిదీ ఒకే తీరు కులం కాబట్టి పడ్డయి. డబ్బు తేడా మాఫీ అయితది. కులం తేడా మాఫీ కాదు. అందుకే ఆ నవల ఆ దిక్కు పోనేపోదు.

ఇక్కడ ఆంధ్రోని మీద వేలు పెట్టి తప్పించుకునే వీలు మనకు లేదు. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో పట్టపగలు, దవాఖానా ముందట, గర్భిణి అయిన భార్య పక్కనుండంగనే దళిత పిలగాణ్ణి నరికిండ్రు. 2022 మేలో సరూర్‌నగర్‌లో నడి రోడ్డు మీద, మతం దాటి పెండ్లి చేసుకున్న ఇంకో దళిత పిలగాణ్ణి చంపిండ్రు, జనం ఫోన్లు పట్టుకొని చూసిండ్రు. రెండూ రాష్ట్రం వచ్చినంకనే. రెండూ మన గడ్డ మీదనే. జై తెలంగాణ అన్న గొంతులే ఆ రోజు పిల్ల తండ్రి బాధ గురించి కూడా మాట్లాడినయి. గడీలు కూలినయి, గడీ బుద్ధి కూలలేదు. మనది ఆత్మగౌరవ పోరాటమే అయితే, ప్రేమించి చచ్చిపోయిన వానికి కూడా అందులో వాటా ఉండాలె గదా!

మిర్యాలగూడ పిలగాని కథ ముందట పెట్టుకొని ఆ కారు నవల ఆఖరి పేజీ చదువుండ్రి. ఆశీర్వాదం ఎంత అబద్ధమో తెలుస్తది.

యాసకు గిరాకీ వచ్చింది, జాగ్రత్త

ఇప్పుడు గాలి మారింది. 2017లో 'ఫిదా' హీరోయిన్ బాన్సువాడ మాట మాట్లాడితే లోకమంతా చప్పట్లు కొట్టింది. 2019లో 'దొరసాని' గడీ పిల్లను, గరీబు పిలగాణ్ణి చూపెట్టింది. 2021లో 'లవ్ స్టోరీ' ఆర్మూర్ పిల్లల ప్రేమలో కులాన్ని పేరు పెట్టి చెప్పింది. సంతోషం. ఈ మార్పు సిన్మావాళ్ళ దయ కాదు. వేలమంది విద్యార్థులు, ఉద్యోగులు, కళాకారులు కొట్లాడితే వచ్చిన మార్పు. 2009 నవంబర్‌లో ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి కాలిపోతే వచ్చిన మార్పు.

కాని నిన్న యాసను చూసి నవ్విన బేరగాళ్ళే ఇయ్యాల యాసకు గిరాకీ ఉన్నదని ఎగబడుతున్నరు. నాలుగు 'గిట్ల', రెండు 'ఏందిరా బై', ఒక కల్లు ముంత పెట్టి తెలంగాణ ప్రేమ కథ అంటే ఒప్పుకుందామా? మాట మనది పెట్టి, లోపల పాత కారునే నడిపితే అది వలసకు కొత్త రంగు. మన మాటలో మన లెక్క ఉండాలె. మెస్ బిల్లు ఉండాలె, రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని కాలేజీ ఆపిపెట్టిన సర్టిఫికెట్ ఉండాలె, బస్‌పాస్ అయిపోయిన తారీఖు ఉండాలె, కులం పేరు ఉండాలె.

విద్యార్థులకు ఒక మాట. మీ కథ మీరు రాయుండ్రి. హాస్టల్ గోడ మీద నినాదం రాసిన చేతికి నోటుబుక్కుల నవల రాయరాదా? ముఖ్యంగా హాస్టల్ ఆడపిల్లలు రాయాలె. మిమ్మల్ని అందరూ బస్టాపుల నిలబెట్టిండ్రు గాని, ఆ బస్టాపుల మీరేం అనుకున్నరో ఎవడూ అడగలేదు. ఉద్యోగ సంఘాలకు ఒక మాట. డైరీలు, క్యాలెండర్లు అచ్చేసే పైసల్లోంచి ఏడాదికి ఒక్క కొత్త రచయిత నవల అచ్చేయుండ్రి. 2017లో పెట్టుకున్న తెలంగాణ సాహిత్య అకాడమీకి ఒక మాట. సన్మానాల శాలువాలు తగ్గించి, క్యాంపస్‌ల్లో రాసే పిల్లల చేతిరాతలు అడిగి తీసుకోండి. కాలేజీ లైబ్రరీల్లో 'అంపశయ్య', 'చిల్లర దేవుళ్లు' పిల్లల చేతికి అందే అరలో పెట్టించండి.

రాష్ట్రం తెచ్చుకున్నోళ్ళం మనం. కారెక్కిచ్చుకొమ్మని ఎవరినీ అడగలేదు. ప్రేమకు మాత్రం ఎందుకు అడగాలె? కారు దిగి నడిచొచ్చేటోడు వస్తే రానీయుండ్రి. రాకపోతే పోనీయుండ్రి. బస్టాపుల నిలబడ్డోళ్ళు ఒకరినొకరు చూసుకునే కథ ఒకటున్నది. అది ఇంకా ఎవరూ రాయలేదు.